ఫోటోకి బరువు ఉంటుందా?

తొమ్మిదో తరగతి, 'బి' సెక్షన్ విద్యార్థిని

పోయిన సంచికలో పదో తరగతి అక్క దోమల గురించి రాసింది, చాలా బాగుంది. ఈసారి నేను ఫోటో ఫైళ్ళ గురించి రాస్తున్నాను. ఇది కంప్యూటరు పాఠం అనుకుని పక్కనున్న పొడుపు కథల దగ్గరికి పోకండి. మన దగ్గర ఫోన్లు ఉండవు, నిజమే. కానీ మన ఫోటోలు మాత్రం అందరి ఫోన్లలో ఉన్నాయి. అప్లికేషన్లకి అడుగుతారు, గుర్తింపు కార్డుకి అడుగుతారు, ఇంట్లో ఎవరన్నా పోతే పటం కట్టించడానికి అడుగుతారు.

మొన్న దసరా సెలవుల్లో అప్లికేషన్ పెట్టడానికి మా అమ్మ, నేను మండలం పోయినాము. నెట్ సెంటర్ ఆయన "ఫోటో సైజు ఎక్కువైంది, తగ్గించాలి" అన్నాడు. మా అమ్మ చేతిలో పాస్‌పోర్టు ఫోటో పట్టుకుని, "ఇంతకంటే చిన్నది ఎక్కడ దొరుకుద్ది? ఫోటోకి బరువేందే?" అని నన్ను అడిగింది. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదటిదాన్ని కాబట్టి ఏది అర్థం కాకపోయినా నన్నే అడుగుతారు. తిరిగి వచ్చాక మన కంప్యూటర్ సారుని అడిగి, ల్యాబులో చేసి చూసి, తెలుసుకున్నది రాస్తున్నాను.

గొడవంతా 'సైజు' అనే మాట దగ్గరే ఉంది. ఫోటోకి ఒక సైజు కాదు, మూడు సైజులు ఉంటాయి. ఒకటి, కాగితం మీద ఎన్ని అంగుళాలు అనేది. రెండోది, ఫోటోలో ఎన్ని చుక్కలు అనేది. మూడోది, కంప్యూటర్లో ఎంత చోటు తీసుకుంటుంది అనేది, అనగా కేబీ, ఎంబీ. మా అమ్మ చెప్పింది మొదటి సైజు. నెట్ సెంటర్ ఆయన చెప్పింది మూడో సైజు. ఇద్దరిదీ కరెక్టే. అందుకే ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదు.

మొదట చుక్కల సంగతి చూద్దాం. వీటినే పిక్సెళ్ళు అంటారు. పూసలతో అల్లిన పట్టీని దూరం నుంచి చూస్తే పువ్వు కనబడుతుంది, దగ్గర పెట్టి చూస్తే ఒక్కొక్క పూస కనబడుతుంది గదా. ఫోన్ ఫోటో కూడా అంతే. ఒక్కొక్క పిక్సెల్ ఒక రంగు పూస. ప్రతి పూసకీ కంప్యూటరు మూడు అంకెలు రాసుకుంటుంది: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. ఒక్కొక్కటి 0 నుంచి 255 లోపు ఉంటుంది. ఒక్కొక్క అంకెకి ఒక బైటు చోటు కావాలి. అంటే ఒక పూసకి 3 బైట్లు.

ఇప్పుడు లెక్క చూడండి. 12 మెగాపిక్సెల్ ఫోన్ తీసిన ఫోటోలో అడ్డంగా 4000, నిలువుగా 3000 చుక్కలు ఉంటాయి.

4000 × 3000 = 1,20,00,000 చుక్కలు
1,20,00,000 × 3 = 3,60,00,000 బైట్లు

దాదాపు 36 ఎంబీ. కానీ ఫోన్లో చూస్తే ఆ ఫోటో 3 లేక 4 ఎంబీ మాత్రమే చూపిస్తుంది. మిగతాది ఎక్కడికి పోయింది? ఇక్కడే ఫైలు రకాలు వస్తాయి. జేపెగ్, పీఎన్‌జీ, టిఫ్, బీఎంపీ అని ఫైలు పేరు చివర తోకలాగా ఉంటాయే, అవి. ఆ తోక ఏం చెప్తుందంటే, చుక్కల అంకెలన్నింటినీ ఏ పద్ధతిలో మూట కట్టారో చెప్తుంది.

మూట కట్టడంలో రెండు రకాలు. ఒక రకంలో ఏమీ పోదు. పూసల దండలో వరసగా పది ఎర్రపూసలు, ఐదు తెల్లపూసలు ఉన్నాయనుకోండి. "ఎరుపు, ఎరుపు, ఎరుపు" అని పదిసార్లు చెప్పకుండా "ఎరుపు 10, తెలుపు 5" అంటే చాలు. మాట తగ్గింది, దండ తగ్గలేదు. ఆ మాట విని ఎవరైనా అదే దండ గుచ్చగలరు. పీఎన్‌జీ చేసేది ఇంతకంటే తెలివైన లెక్కే గానీ సంగతి ఇదే. దుప్పటి మడతపెట్టి ట్రంకుపెట్టెలో పెట్టినట్టు, విప్పితే మళ్ళీ అదే దుప్పటి.

రెండో రకంలో కొంత పారేస్తారు. మన ఇప్పపువ్వు సంగతి మీకందరికీ తెలుసు. తెల్లారి ఏరుకొచ్చినప్పుడు తట్టనిండా బరువుగా ఉంటుంది. ఎండబెడితే తేలికైపోతుంది, మోసుకుపోవడం సుళువు, ఏడాదంతా దాచుకోవచ్చు. నీళ్ళలో నానబెడితే మళ్ళీ ఉబ్బుతుంది, వండుకోవచ్చు. కానీ చెట్టుకింద ఏరిన పువ్వు మాత్రం అవదు. జేపెగ్ అంటే ఎండబెట్టిన ఇప్పపువ్వు. తెరిచినప్పుడు 1,20,00,000 చుక్కలూ మళ్ళీ వస్తాయి, కానీ అచ్చం మొదటివి కాదు, దగ్గర దగ్గరగా ఉండేవి.

జేపెగ్ ఏది పారేయాలో ఎలా నిర్ణయిస్తుంది? నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

మొదట రంగుల్లో తగ్గిస్తుంది. మన కళ్ళు వెలుగు, నీడల్లో తేడా బాగా పడతాయి, రంగులో చిన్న తేడా అంతగా పట్టవు. పొద్దుగూకిన తర్వాత దారిలో వచ్చేది ఎవరో నడకని బట్టి చెప్తాం గానీ, చీర రంగు చెప్పలేం గదా. అందుకని జేపెగ్ వెలుగుని పూర్తిగా ఉంచి, రంగుని నాలుగు చుక్కలకి కలిపి ఒకటి చొప్పున రాసుకోవడం మామూలు. తర్వాత ఫోటోని చిన్న చిన్న గళ్ళుగా కోస్తుంది. ఒక్కొక్క గడిలో 8 వరసలు, వరసకి 8 చుక్కలు, మొత్తం 64. ఆ 64 అంకెలని డోలు దరువులాగా విడదీస్తుంది. నిజంగానే! గుట్ట అవతల డోలు మోగుతుంటే మనకి పెద్ద దెబ్బలే వినబడతాయి, మధ్యలో వేళ్ళతో వాయించే చిన్న దరువులు వినబడవు. అయినా ఏ ఆట ఆడుతున్నారో చెప్పగలం. అలాగే గడిలో మెల్లగా మారే వెలుగు పెద్ద దెబ్బ, వెంటవెంటనే మారే సన్నని గీతలు చిన్న దరువు. జేపెగ్ పెద్ద దెబ్బలని ఉంచుకుంటుంది, చిన్న దరువుల్లో చాలావాటిని వదిలేస్తుంది. ఎన్ని వదలాలో మనమే చెప్పవచ్చు. దాన్నే 'క్వాలిటీ' అంటారు. క్వాలిటీ బాగా తగ్గిస్తే ఫైలు చిన్నదవుతుంది, ఆ గళ్ళు కంటికి కనబడటం మొదలవుతుంది.

దరువులుగా విడదీసే ఈ లెక్కని కనిపెట్టినవాళ్ళలో మన దేశం నుంచి పోయినవాళ్ళున్నారు. 1974 లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు ముగ్గురూ కలిసి దాని మీద వ్యాసం ప్రచురించారు. నాసిర్ అహ్మద్ 1940 లో బెంగుళూరులో పుట్టారు. తర్వాత 1992 లో జేపెగ్ పద్ధతి ఖాయమైంది. ఇప్పుడు మనం చూసే ఫోటోల్లో చాలా భాగం ఆ లెక్క గుండా వచ్చినవే. సారు ఈ సంగతి చెప్పినప్పుడు మా క్లాసులో ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

మిగతా రకాల గురించి త్వరగా చెప్తాను. జిఫ్ అనేది 1987 లో వచ్చింది, దానిలో 256 రంగులే పడతాయి. దాని వెనకున్న లెక్కకి పేటెంటు ఉంది, డబ్బులు కట్టాలి అని గొడవ వచ్చినందుకు 1995 లో కొందరు కలిసి పీఎన్‌జీ తయారు చేయడం మొదలుపెట్టారు, 1996 లో అది బయటికి వచ్చింది. టిఫ్ 1986 లోనే వచ్చింది, అచ్చు పనివాళ్ళు ఎక్కువగా వాడేది. కొన్ని ఐఫోన్ ఫోటోలు హెచ్‌ఈఐసీ అనే రకంలో ఉంటాయి, 2017 నుంచి. అది జేపెగ్ కంటే ఇంకా తక్కువ చోటులో పడుతుంది గానీ మన ల్యాబు కంప్యూటర్లో తెరుచుకోదు. మేడం ఫోన్ నుంచి వచ్చిన ఆటలపోటీ ఫోటోలు తెరుచుకోకపోతే వైరస్ అని అందరూ భయపడ్డారు. వైరస్ కాదు, జేపెగ్‌గా మార్చగానే తెరుచుకున్నాయి.

ల్యాబులో మేము చేసిన పరీక్ష: పెయింట్‌లో 800 అడ్డం, 600 నిలువు తెల్ల పలక తీసుకుని నల్ల గీతలతో ముగ్గు వేశాము. బీఎంపీ రకంలో సేవ్ చేస్తే 14,40,054 బైట్లు వచ్చింది. 800 × 600 × 3 చేసి చూడండి, 14,40,000 వస్తుంది. మిగిలిన 54 బైట్లు ఫైలు ముందర రాసుకునే అడ్రసు లాంటిది. లెక్క అచ్చుగుద్దినట్టు సరిపోయేసరికి మాకు చాలా సంతోషం వేసింది. అదే ముగ్గుని పీఎన్‌జీ చేస్తే 14 కేబీ అయింది. జేపెగ్ చేస్తే 45 కేబీ అయింది, పైగా గీతల చుట్టూ దుమ్ము పడ్డట్టు మచ్చలు వచ్చాయి. ఎందుకంటే ముగ్గులో తెలుపు తెలుపే, నలుపు నలుపే. "తెలుపు 300, నలుపు 4" అని చెప్పడం పీఎన్‌జీకి సుళువు. జేపెగ్‌కి మాత్రం ఆ పదునైన గీతలే చిన్న దరువులు.

మరి మనిషి ఫోటో? 3.8 ఎంబీ ఉన్న జేపెగ్ ఫోటోని పీఎన్‌జీగా సేవ్ చేస్తే 19 ఎంబీ అయింది. పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరికీ తేడా కనబడలేదు. కాబట్టి బొమ్మలు, మ్యాపులు, అక్షరాలు ఉన్నవి పీఎన్‌జీలో, ముఖాలు, చెట్లు, గుట్టలు జేపెగ్‌లో దాచుకోవాలి. ఇంకో సంగతి. జేపెగ్‌ని పీఎన్‌జీగా మారిస్తే క్లియర్ అవుతుందని కొందరు అంటారు, అది తప్పు. ఎండిన ఇప్పపువ్వుని పెద్ద తట్టలో పోసినంత మాత్రాన పచ్చిపువ్వు అవుతుందా? తట్ట బరువు పెరుగుతుంది, అంతే.

ఇప్పుడు కాగితం సంగతి. ఫోటో చేతిలో పట్టుకుని చూసేది బాగుండాలంటే అంగుళానికి 300 చుక్కలు ఉండాలని స్టూడియోవాళ్ళు లెక్క పెట్టుకుంటారు. 4 × 6 అంగుళాల ఫోటోకి 1200 × 1800 చుక్కలు. 8 × 12 కి 2400 × 3600. గోడకి తగిలించే 12 × 18 పటానికి 3600 × 5400 కావాలి. అంత లేకపోయినా, పటాన్ని కొంచెం దూరం నుంచి చూస్తాం కాబట్టి సగం, అంటే అంగుళానికి 150 ఉన్నా సర్దుకోవచ్చు. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి కట్టే ఫ్లెక్సీలు చూడండి. 6 అడుగుల ఫ్లెక్సీ అంటే 72 అంగుళాలు. 4000 చుక్కల ఫోటో వేస్తే అంగుళానికి 55 చుక్కలే పడతాయి. రోడ్డు మీద నుంచి చూస్తే బాగానే ఉంటుంది, దగ్గరికి పోతే చెదిరినట్టు ఉంటుంది. అందులో తప్పేమీ లేదు.

మా నాయనమ్మ ఫోటో సంగతి ఇక్కడ చెప్పాలి. నాయనమ్మ పోయినేడు వానాకాలంలో చనిపోయింది. ఆమెకి ఒకటే మంచి ఫోటో ఉండేది, మా బాబాయి ఫోన్లో తీసింది. ఆ ఫోన్ వాగు దాటేటప్పుడు నీళ్ళలో పడి పోయింది. ఆ ఫోటోని బాబాయి వాట్సాప్‌లో డీపీ పెట్టుకున్నాడు కాబట్టి ఇంకొకరి ఫోన్లో నుంచి దాన్ని తీశారు. పెద్దకర్మకి 12 × 18 పటం కట్టించమని స్టూడియోలో ఇచ్చారు. వచ్చిన పటంలో ముఖమంతా గళ్ళు గళ్ళు. నుదుటి మీద పచ్చబొట్టు లేదు, ముక్కుపుల్ల లేదు. మా బాబాయి స్టూడియో ఆయనతో కొట్లాడి వచ్చాడు. మా నాన్న ఏమీ అనలేదు, పటాన్ని గోడవైపు తిప్పి పెట్టాడు.

ఇప్పుడు నేను లెక్క చేసి చూశాను. ఆ డీపీ 640 × 640 చుక్కలు. 12 అంగుళాల వెడల్పుకి సాగదీస్తే అంగుళానికి 53 చుక్కలు. ఇందాక జేపెగ్ 8 చుక్కల గళ్ళుగా కోస్తుందని రాశాను గదా. 640 లో అలాంటి గళ్ళు 80. 12 అంగుళాలని 80 తో భాగిస్తే ఒక్కొక్క గడి దాదాపు 4 మిల్లీమీటర్లు, జొన్నగింజ అంత. పటం మీద నేను వేలు పెట్టి చూసిన గళ్ళు సరిగ్గా అంతే ఉన్నాయి. అవి స్టూడియో మిషను గళ్ళు కావు, జేపెగ్ గళ్ళు. ఆ సెలవుల్లోనే అదే ఫోటోని 3 అంగుళాల వెడల్పుతో వేయమని మా నాన్నకి చెప్పాను. అంగుళానికి 213 చుక్కలు పడ్డాయి. చిన్న ఫ్రేములో ముఖం ముఖంలాగా వచ్చింది. పచ్చబొట్టు మసకగా అయినా కనబడుతోంది.

వాట్సాప్ ఎంత తగ్గిస్తుందో కూడా పరీక్ష చేశాము. 4000 × 3000 ఫోటోని మామూలుగా పంపితే అవతలి ఫోన్లో 1600 × 1200 గా చేరింది. దాంతో 4 × 5 అంగుళాల ఫోటో బాగా వస్తుంది, పెద్ద పటానికి చాలదు. 2023 నుంచి హెచ్‌డీ అనే గుర్తు ఇచ్చారు, దానితో పంపితే కొంచెం మేలు. అన్నింటికంటే మంచిది ఫోటోని 'డాక్యుమెంట్'గా పంపడం. అప్పుడు ఒక్క చుక్క కూడా తగ్గదు. స్క్రీన్‌షాట్ తీసి పంపడం మాత్రం వద్దు. ఫైలుని కాపీ చేస్తే ఏమీ పాడవదు. తెరిచి, మార్చి, మళ్ళీ జేపెగ్‌గా సేవ్ చేసిన ప్రతిసారీ కొంచెం పోతుంది.

అందుకే టిఫ్ ఎందుకు అవసరమో ఒక ఉదాహరణ రాస్తాను. మన హాస్టల్లో ఒక చెల్లికి వాళ్ళ నాన్న ఫోటో పాస్‌పోర్టు సైజుది ఒక్కటే ఉంది, పాత అప్లికేషన్ నుంచి ఊడదీసింది, మూల మీద స్టాంపు మరక ఉంది. (పేరు రాయవద్దని అడిగింది, రాయడం లేదు.) ఆ ఫోటో 35 × 45 మిల్లీమీటర్లు. స్కానర్‌లో మామూలుగా 300 పెడితే 413 × 531 చుక్కలే వస్తాయి, మళ్ళీ అంతే సైజులో వేసుకోవడానికి సరిపోతుంది. సారు 1200 పెట్టి స్కాన్ చేశారు. 1654 × 2126 చుక్కలు వచ్చాయి. దాన్ని టిఫ్‌లో దాచారు, 10 ఎంబీ అయింది. మరక తుడిచే పని రోజుకి కొంచెం చేస్తున్నారు. రోజూ సేవ్ చేసినా టిఫ్ కాబట్టి ఏమీ పోదు. అంతా అయ్యాక చివర ఒక్కసారి మంచి క్వాలిటీ జేపెగ్ చేసి స్టూడియోకి ఇస్తారు. 5 × 7 అంగుళాల ఫోటో వస్తుంది. కాగితంలో లేనిది స్కానరు తెచ్చి పెట్టలేదు, అది ఆ చెల్లికి ముందే చెప్పారు. ఐనా ఉన్నదంతా వస్తుంది.

స్టూడియోకి జేపెగ్ ఇస్తే ప్రింటు బాగుండదు, టిఫే ఇవ్వాలి అనేవాళ్ళు ఉన్నారు. నాకైతే ఆ మాట నిజం అనిపించలేదు. చుక్కలు సరిపడా ఉండి, క్వాలిటీ ఎక్కువ పెట్టిన జేపెగ్ అయితే ప్రింటులో కంటికి తేడా తెలియదు. ఫోటో చెడేది చుక్కలు చాలకపోవడం వల్ల, పిండి పిప్పి చేసిన క్వాలిటీ వల్ల. ఇంకొకరు ఫైల్లో 72 ఉన్న చోట 300 అని అంకె మార్చి "ఇప్పుడు ప్రింటుకి పనికొస్తుంది" అంటారు. చుక్కలు పెరగకుండా అంకె మారిస్తే ఏం లాభం?

రంగు సంగతి ఒకటి మరిచిపోకూడదు. తెర మీద రంగులు వెలుగుతో వస్తాయి. పత్రికలు, పుస్తకాలు అచ్చువేసేటప్పుడు లేత నీలం, గులాబీ ఎరుపు, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలతో వస్తాయి. సైన్సు ల్యాబు భూతద్దం పెట్టి న్యూస్ పేపర్ ఫోటో చూడండి, ఆ నాలుగు రంగుల చుక్కలే కనబడతాయి. తెర మీద మెరిసే చిలకపచ్చ రంగు కాగితం మీద కొంచెం వాడినట్టు ఉండటానికి కారణం అదే. టిఫ్ ఫైల్లో ఆ నాలుగు సిరాల అంకెలని అలాగే దాచుకోవచ్చు, పీఎన్‌జీలో కుదరదు.

ఇక అప్లికేషన్ ఫోటో. చాలా ఫారాల్లో "20 నుంచి 50 కేబీ లోపు" అని ఉంటుంది. 4 ఎంబీ ఫోటోని చుక్కలు తగ్గించకుండా క్వాలిటీ ఒక్కటే నొక్కి 50 కేబీకి తెస్తే ముఖం గళ్ళ చాప అవుతుంది. ముందు ముఖం వరకు కత్తిరించి, 413 × 531 చుక్కలకి తగ్గించాలి. అప్పుడు మూట విప్పిన లెక్కలో కూడా అది 6,57,909 బైట్లే. దాన్ని 50 కేబీకి తేవడం జేపెగ్‌కి కష్టం కాదు, ముఖం బాగానే ఉంటుంది. కానీ ఈ పని ఎప్పుడూ కాపీ మీద చేయించండి. పదో తరగతి అక్కలు అప్లికేషన్ ఫోటోలు దిగేటప్పుడు స్టూడియో ఆయన్ని పెద్ద ఫైలు కూడా అడిగి తీసుకోండి. ఫారానికి చిన్నది చాలు, ఇంట్లో దాచుకోవడానికి చిన్నది చాలదు.

వార్డెన్ మేడం గారికి ఒక విన్నపం. వనభోజనాల రోజు మీ ఫోన్లో తీసిన గ్రూపు ఫోటో 87 మందిది ఉంది. దాన్ని మా తల్లిదండ్రుల గ్రూపులో మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే మేము సెలవులకి పోయినప్పుడు స్టూడియోలో వేయించుకుంటాం. 1600 చుక్కల్లో 87 మంది అంటే వెనక వరసలో ఉన్నవాళ్ళకి ముఖానికి 30 చుక్కలు కూడా రావు. నేను వెనక వరసలోనే ఉన్నాను.

వచ్చే సంచికకి ఫోటోలు అతికించాలని అనుకుంటున్నాము. ఇచ్చేవాళ్ళు శనివారం లోపల కంప్యూటర్ సారు దగ్గర ఇవ్వండి. పోస్టుకార్డు సైజుకి 1200 × 1800 చుక్కలు ఉండాలి, ల్యాబులో మేము చూసి చెప్తాము. కాగితం ఫోటోలు తెచ్చేవాళ్ళు వెనక పేరు పెన్నుతో గట్టిగా నొక్కి రాయకండి, ముందువైపు గీతలు పడతాయి.